మందుబిళ్ళకు అగ్నిపరీక్ష

మందుబిళ్ళల పట్టీని వెనుకకు త్రిప్పి చూచినచో, అది తయారైన నెలయు, దాని గడువు ముగియు నెలయు అచ్చువేయబడి కనిపించును. ఆ రెండింటి నడుమ రెండేండ్లో మూడేండ్లో ఎడముండుట కద్దు. రక్తపోటునకు, మధుమేహమునకు, జ్వరమునకు బిళ్ళలు వాడని యిల్లు నేడు అరుదు. ఆ తేదీని చూచి పుచ్చుకొనువారును, దాటినచో పారవేయువారును గలరు. కాని ఆ తేదీని నిర్ణయించినవారెవరు, వారి కది ఎట్లు తెలిసెను అను ప్రశ్న మనలో పెక్కుమందికి తోచియుండదు. క్రొత్త మందు అంగడికి వచ్చిననాడే దాని గడువు దానితోపాటు వచ్చును. అంతకాలము వేచి చూచిన పిమ్మట వ్రాసిన తేదీ యగుట అన్నివేళల సాధ్యము కాదు. కాలము గడువక మునుపే, కాలము చేయబోవు పనిని కనిపెట్టుట యెట్లు? శాస్త్రజ్ఞులు ఇందులకు చేపట్టిన సాధనములలో ముఖ్యమైనది వేడిమి.

వేడిచేసి వస్తువు గుట్టు తెలిసికొనుట మన వంటయింటికి క్రొత్తగాదు. అరిసెలకు బెల్లపు పాకము పట్టు ఇల్లాలు, నీళ్ళగిన్నెలో నొక బొట్టు వేసి, అది కరగిపోయినదా, ఉండ కట్టినదా యని చూచి పాకము లేతయో ముదురో చెప్పగలదు. మాఘమాసపు చలిలో కొబ్బరినూనె సీసాలోనే పేరుకొనును; ప్రక్కనున్న నువ్వులనూనె పేరుకొనదు. ఏ వేడిమికి కరగును, ఏ చలికి గడ్డకట్టును అను సంగతి ప్రతి వస్తువునకును ముఖలక్షణము వంటిది. అందులో పరాయి పదార్థము కలిసినను, లోపలి యమరిక యించుక మారినను ఆ ముఖలక్షణము చెదరును. ఉష్ణవిశ్లేషణమను శాస్త్రమునకు మూలసూత్ర మింతియే. ఈ సూత్రము మట్టి నుండి లోహమునకును, లోహము నుండి మందుబిళ్ళకును చేరుటకు ఎనుబదేండ్లకు పైగా పట్టినది. ఆ వృత్తాంతమునే మేము శ్రోతలకు విన్నవింప దలచితిమి.

మందులకు ఆయుర్దాయము కలదను భావము మాత్రము పాశ్చాత్యుల సొత్తు కాదు. మన వైద్యులు నిత్యము చూచు శార్ఙ్గధర సంహితలో చూర్ణము రెండు మాసములకు వీర్యము కోల్పోవుననియు, గుటికయు లేహ్యమును ఒక సంవత్సరము నిలుచుననియు, ఆసవములును లోహభస్మములును పాతబడిన కొలది గుణము హెచ్చుననియు చెప్పబడినది. పొడి కంటె ఉండ యెక్కువకాలము నిలుచునని వారు ఏనాడో గ్రహించిరి. పొడికి గాలియు తేమయు తగులుచోటు ఎక్కువ. గట్టిగా చేసిన గుళికకు తక్కువ. ఈ యొక్క మాటలోనే నేటి బిళ్ళల శాస్త్రమునకు కావలసిన బీజము కలదని మా యభిప్రాయము.

యంత్రముతో నొత్తిన బిళ్ళ పుట్టుక విచిత్రమైనది. విలియం బ్రాకెడన్ అను ఆంగ్లేయుడు వైద్యుడు కాడు, ఔషధకారుడును కాడు, చిత్రకారుడు. మంచి పెన్సిళ్ళకు తగిన నల్లసీసము దొరకుట కష్టమైనందున, ఆ పొడిని అచ్చులో నుంచి, గట్టిగా నొత్తి ముద్దచేయు ఉపాయము నతడు కనుగొనెను. అదే ఉపాయము మందుపొడికిని చెల్లునని 1843లో పేటెంటు పొందెను. 1880లో లండనులో స్థాపింపబడిన బరోస్ వెల్కమ్ సంస్థ అట్టి బిళ్ళలను విరివిగా చేసి, 1884లో 'టాబ్లాయిడ్' అను వ్యాపారనామమును కల్పించినది. చిన్న బిళ్ళలో పెద్ద మందును కుదించినట్లు చిన్న కాగితములో వార్తలను కుదించు పత్రికలకు తరువాత ఆ పేరే తగుల్కొన్నది.

బిళ్ళ అనగా కేవలము మందు కాదు. ఐదు మిల్లీగ్రాముల మందును బిళ్ళగా నొత్తినచో అది ఆవగింజకు మించదు; వ్రేళ్ళకు చిక్కదు. కావున పాలచక్కెరయో, గంజిపిండియో కలిపి పరిమాణము పెంతురు. పొడి అచ్చునకు అంటుకొనకుండ మెగ్నీషియం స్టియరేట్ అను మెత్తని పొడిని రవంత చేర్తురు. కడుపులో త్వరగా విచ్చుటకు మరియొకటి, రంగునకు వేరొకటి. ఇన్నియు ఉమ్మడి కుటుంబమువలె ఒకే కప్పుక్రింద మూడేండ్లు కాపురము చేయవలెను. అందరికిని పొసగునా అనునదే ప్రశ్న.

పొసగని కాపురమునకు ఆస్పిరిన్ మంచి నిదర్శనము. 1899లో జర్మనీలోని బాయర్ సంస్థ అమ్మకమునకు తెచ్చిన యీ మందు తేమ తగిలినచో సాలిసిలిక్ ఆమ్లముగను, ఎసిటిక్ ఆమ్లముగను విడిపోవును. పాత ఆస్పిరిన్ సీసా మూత తీయగనే పులిసిన వాసన వచ్చుట కిదియే కారణము. ఎసిటిక్ ఆమ్లమనగా వినిగరులోని పులుపే. బిళ్ళ అచ్చునకు అంటకుండుటకై చేర్చిన మెగ్నీషియం స్టియరేట్ ఈ విడిపోవుటను మరింత త్వరపెట్టును. కనుక మేలుకై పిలిచిన చుట్టమే యింట కలహము పెట్టినట్లయినది.

మరియొక మందు తానే యింటినుండి లేచిపోవును. ప్రేలుడు పదార్థముగా పేరుపడిన నైట్రోగ్లిసరిన్ గుండెనొప్పికి పనికివచ్చునని 1879లో లండను వైద్యుడు విలియం మరెల్ ప్రకటించెను. ఒక మిల్లీగ్రాము కంటె తక్కువ మోతాదుగల చిన్న బిళ్ళను నాలుక క్రింద నుంచుకొన్నచో కొన్ని నిమిషములలో నొప్పి యుపశమించును. కాని ఆ మందు సాధారణమైన గది వేడిమికే కొంచెము కొంచెముగా ఆవిరియై పోవు స్వభావము గలది. ప్లాస్టిక్ డబ్బీలో పెట్టినచో ఆ డబ్బీగోడయే దానిని పీల్చుకొనును. ఒకే సీసాలోని ఒక బిళ్ళ నుండి మరియొక బిళ్ళకు సయితము వలసపోవును. చూచుటకు బిళ్ళ తెల్లగా, గుండ్రముగా, నిన్నటివలెనే యుండును. అర్ధరాత్రి రొమ్ము పట్టుకొని దానిని నోటనుంచుకొన్న రోగికి మాత్రము అది వట్టి పాలచక్కెర. 1972లో అమెరికా ప్రభుత్వ ఆహార ఔషధ శాఖ ఈ బిళ్ళలను గాజుసీసాలలోనే అమ్మవలెనని నిబంధన చేయుటకు ఇట్టి యనుభవములే కారణము.

మందు చెడుట యనగా బలము తగ్గుట మాత్రమే యని పెక్కురు తలంతురు. అన్నివేళల నట్లు కాదు. భీమవరమున 1895లో జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలకు అధిపతిగా నున్న కాలముననే బెంజమిన్ డగ్గర్ అను వృద్ధశాస్త్రజ్ఞుడు ఆరియోమైసిన్‌ను కనుగొనెను. 1948లో అది లోకమునకు వెల్లడియయ్యెను, సుబ్బారావుగారు ఆ యేటనే కన్నుమూసిరి. టెట్రాసైక్లిన్ కుటుంబమునకు అది జ్యేష్ఠసంతానము. ఆ కుటుంబపు మందులు ఎందరి ప్రాణములనో నిలిపినవి. అయితే 1963లో అమెరికా వైద్యులు కొందరు, నిలువయుండి చెడిన టెట్రాసైక్లిన్ పుచ్చుకొన్న రోగులకు మూత్రపిండములు దెబ్బతినుటను గుర్తించి ప్రకటించిరి. వేడికిని తేమకును ఆ మందు రూపుమారి, వేరొక హానికర పదార్థమైనది. మందు మానిన పిమ్మట రోగులు కోలుకొనిరి. గడువు తేదీ వర్తకుని యుక్తి మాత్రమే యని పరిహసించువారికి ఈ యుదంతము వినిపింపవలసి యున్నది.

ఇక ఈ చిక్కులను పసిగట్టు సాధనము మందుల శాలలో పుట్టలేదు. దానికై పారిసు నగరమునకు, అందును మట్టిని కాల్చి చూచుచున్న ఒక ఆచార్యుని యొద్దకు పోవలెను. ఆయన పేరు హెన్రీ లె షాటెల్యే. గనుల విద్యాలయమున బోధకుడు. సిమెంటు మీదను, మంటల మీదను ఆసక్తి గలవాడు. మట్టిలో పెక్కు రకములు గలవు. కంటికి ఒకటిగా కనిపించినను కుండకు పనికివచ్చునది యిటుకకు పనికిరాదు. వీనిని వేరుపరచుట యెట్లు? 1887లో ఆయన పన్నిన ఉపాయము సరళమైనది. ఒక తీగ ప్లాటినముతోను, మరియొక తీగ ప్లాటినము రోడియముల మిశ్రమముతోను చేసి, వాని కొనలను కలిపి మట్టిలో గ్రుచ్చెను. ఆ కూడలి వేడెక్కిన కొలది స్వల్పమైన విద్యుత్తు పుట్టును. ఆ విద్యుత్తు ఒక చిన్న అద్దమును కదల్చును. అద్దముపై పడిన వెలుగు ఛాయాచిత్ర ఫలకముపై గీతలు పడవేయును. నియమిత వ్యవధులలో వెలుగును మినుకుమినుకుమనిపించుటచే, వేడిమి సమముగా పెరుగుచున్నంతసేపు గీతలు సమదూరమున పడును. మట్టి తనలోని నీటిని విడుచునపుడు వేడిని మ్రింగును. అప్పుడు ఉష్ణోగ్రత నిలిచిపోయి గీతలు గుమిగూడును. కొన్ని మట్టులలో 1000 డిగ్రీల సెంటిగ్రేడు చెంత తిరిగి వేడి పుట్టి, గీతలు ఎడమెడముగా పడును. ఆ గీతల వరుసను చూచి, ఇది యే మట్టియో చెప్పవచ్చును. మట్టి తన కథను తానే వ్రాసికొన్నట్లు! ఈ శాస్త్రమంతటిలో మాకు మిక్కిలి నచ్చినది ఈ తొలి ప్రయోగమే.

దీని కొక మెరుగును లండను టంకసాలలో లోహపరీక్షకుడుగా నుండిన రాబర్ట్స్-ఆస్టెన్ 1899లో తెచ్చెను. ఒకే కొలిమిలో రెండు ముద్దలుంచుట. ఒకటి పరీక్షింపవలసినది, రెండవది ఎంత కాచినను మార్పు చెందనిది. రెండింటి ఉష్ణోగ్రతలను విడివిడిగా గాక, వాని నడుమ తేడాను మాత్రమే కొలుచుట. ఒకే కాడికి కట్టిన రెండెద్దులలో ఒకటి యడుగు వెనుకబడిన వెంటనే కాడి వంగి తెలియజేయును గదా! అట్లే మిక్కిలి స్వల్పమైన మార్పును కూడ ఈ పద్ధతి పట్టియిచ్చెను. ఆయన చూపు ఉక్కు మీద నుండెను. ఆస్టెనైట్ అను ఉక్కురూపమునకు ఆయన పేరే పెట్టిరి.

మూడవ సాధనము జపానులో పుట్టెను. సెండాయి నగరపు తొహోకు విశ్వవిద్యాలయమున కొటారో హోండా 1915లో త్రాసును కొలిమిని జతచేసి, ఉష్ణతులను నిర్మించెను. త్రాసు నొక కొస నుండి పదార్థము కొలిమిలోనికి వ్రేలాడును. వేడి పెరిగిన కొలది దాని బరువు ఎప్పుడు, ఎంత తగ్గుచున్నదో కనిపించును. నీరు పోయినచో నీటి బరువు, వాయువు పోయినచో వాయువు బరువు. అయస్కాంతపు ఉక్కులతో లోకఖ్యాతి గడించిన హోండాకు ఈ త్రాసు ఒక ప్రక్కపని వంటిది. కాని బిళ్ళల కథలో ఆయన పేరు నిలిచినది దీనివలననే. పాలచక్కెర స్ఫటికములో నూటికి 5 పాళ్ళు నీరు కలదు. వేడిచేసినపుడు 140 డిగ్రీలు దాటిన తావున అది విడివడును. ఒక బిళ్ళనుండి పోయిన నీరు పైపై తేమయా, స్ఫటికములో ఇమిడిన నీరా అని వేరు చేయుటకు ఉష్ణతుల వంటి తగవరి లేడు.

మందుల లోకమునకు వేడిమి విద్యను నిజముగా కొనివచ్చినవారు ఆస్ట్రియా దేశమున ఇన్స్‌బ్రుక్ నగరపు శాస్త్రజ్ఞులు. అచ్చట ఆచార్యుడైన లుడ్విగ్ కోఫ్లర్, ఆయన భార్య అడెల్‌హైడ్ కోఫ్లర్ సూక్ష్మదర్శిని బల్లనే చిన్న కొలిమిగా మార్చిరి. దానిపై నొక మందు రేణువు నుంచి, మెల్లగా వేడిచేయుచు, కంటితో చూచుచుండిరి. స్ఫటికము అంచులు మెత్తబడుట, కరగుట, కరగిన దానినుండి వేరొక ఆకారపు స్ఫటికములు మొలుచుట అన్నియు కానవచ్చెను. ఒకే మందు, అవే అణువులు, కాని రెండు మూడు విధములైన పేర్పులు! ఇటుకలు అవే యైనను గోడ కట్టు తీరు వేరైనట్లు. కట్టు మారినచో కరగు వేడిమి మారును. కడుపులో కరగు వేగమును మారును. వారి శిష్యపరంపరలోని మరియా కూనెర్ట్-బ్రాండ్‌స్టెటర్ 1971లో ఈ విద్యపై వెలువరించిన గ్రంథము మందుల పరిశోధకులకు నేటికిని ఆదరపాత్రము.

ఇంతవరకు చెప్పినది వస్తువు నిప్పటి స్థితిని తెలిసికొనుట. భవిష్యత్తును తెలిసికొనుటకు వేరొక సూత్రము కావలసివచ్చెను. చెరకు చక్కెర ఆమ్లములో విడిపోవు వేగము వేడిమితో నెట్లు పెరుగునో పరిశీలించి, స్వీడను దేశీయుడు స్వాంటె అర్హీనియస్ 1889లో ఒక సమీకరణమును ప్రతిపాదించెను. స్థూలముగా 10 డిగ్రీల వేడి పెరిగినచో రసాయనక్రియ వేగము రెట్టింపగుననుకొందము. అప్పుడు 30 డిగ్రీలలో 36 మాసములు పట్టు మార్పు, 60 డిగ్రీలలో నాలుగున్నర మాసములలో జరిగిపోవును. కాలమును కుదించుటకు వేడియే త్రోవ. 1955లో అమెరికాలో గారెట్, కార్పర్ అను నిరువురు సల్ఫా మందుల ద్రావణమును పలు ఉష్ణోగ్రతలలో నుంచి, దాని రంగు మారు వేగమును కొలిచి, ఈ సూత్రముతో నిలువకాలమును లెక్కగట్టిరి. ఆ పిమ్మట ఈ పద్ధతి మందుల పరిశ్రమలో పాతుకొన్నది.

కాని ద్రావణమునకు చెల్లిన లెక్క బిళ్ళకు తిన్నగా చెల్లదు. ద్రావణములో అణువులు స్వేచ్ఛగా తిరుగును. బిళ్ళలో తేమ పొరలయందును, స్ఫటికముల అంచులయందును మాత్రమే క్రియ సాగును. అధికమైన వేడిలో నుంచినచో బిళ్ళలోని నీరు ముందుగనే ఎగిరిపోవును. నీరు లేనందున చెడవలసిన మందు చెడదు! ప్రయోగశాలలో వజ్రమువలె నిలిచిన బిళ్ళ శ్రావణమాసపు ముసురులో చెడుటకు ఇట్టిదొక కారణము. అందుచేతనే నేటి అంతర్జాతీయ నియమములు వేడితోపాటు తేమను కూడ నిర్దేశించుచున్నవి: త్వరిత పరీక్షకు 40 డిగ్రీలు, గాలిలో నూటికి 75 పాళ్ళ తేమ, 6 మాసములు.

ఈ దశలో ఒక క్రొత్త యంత్రము వచ్చెను. అమెరికాలో పెర్కిన్-ఎల్మర్ సంస్థకు చెందిన వాట్సన్, ఓనీల్ అనువారు 1960 దశకపు తొలియేండ్లలో దానిని రూపొందించి, 1964లో శాస్త్రపత్రికలో వివరించిరి. రాబర్ట్స్-ఆస్టెన్ పద్ధతిలో ఎద్దు ఎంత వెనుకబడినదో చూతురు. ఈ యంత్రములో వెనుకబడనీయరు. రెండు ముద్దలకును వేర్వేరు తాపకము లమర్చి, ఉష్ణోగ్రతలు సమానముగ నుండునట్లు చూచుచు, ఒకదాని కదనముగా ఎంత వేడి నందింపవలసివచ్చెనో కొలుతురు. అల్యూమినియం గిన్నెలో కొన్ని మిల్లీగ్రాముల పొడి చాలును; నిమిషమునకు 10 డిగ్రీల చొప్పున వేడి పెంచినచో అరగంటలోపల తీరు తెలిసిపోవును. మందు కరగుచోట కాగితముపై నొక లోయ ఏర్పడును. ఆ లోయ ఎచ్చట నున్నది, ఎంత లోతు, ఎంత వెడల్పు అనునవి మందు శుద్ధిని, స్ఫటికపు కట్టును చెప్పును.

బిళ్ళను తయారుచేయబోవు వారికి దీని యుపయోగము వెంటనే తట్టెను. మందును ఒంటరిగా నొకసారి, పాలచక్కెరతో నొకసారి, స్టియరేటుతో నొకసారి వేడిచేసి చూచుట. మందు లోయ యథాస్థానమున నున్నచో కాపురము పొసగినట్లు. లోయ జరిగినను, మాసిపోయినను, క్రొత్తది పుట్టినను అనుమానింపవలెను. 1960 దశకపు చివరనే పెనిసిలిన్ జాతి మందులకును స్టియరిక్ ఆమ్లమునకును గల పొరపొచ్చెము నీ విధముగా బయటపెట్టిరి. ఆస్పిరిన్ ఒంటిగా 135 డిగ్రీల ప్రాంతమున కరగును. మెగ్నీషియం స్టియరేటుతో కలిపినచో ఆ లోయ క్రిందికి జారి చదునగును.

ఇచ్చట మేము ఒక మాట చెప్పక తప్పదు. ఈ పరీక్ష కాపురమునకు ముందు జాతకము చూచుట వంటిది. నూరు డిగ్రీలు దాటిన తరువాత ఒక పొడి కరగి, రెండవ పొడి దానిలో కలిసిపోయినంత మాత్రమున, బీరువాలో 30 డిగ్రీలలో నుండు బిళ్ళలో కూడ వానికి వైరము గలదని చెప్పరాదు. యంత్రము గీసిన వంకర గీతకు బెదరి, నిరపాయమైన పదార్థమును విడిచిపెట్టిన సందర్భములును గలవు. గీత సందేహమును చూపును; తీర్పును రసాయన పరీక్షయే చెప్పవలెను. అయినను, నెలల తరబడి పరీక్షింపవలసిన ఇరువది మిశ్రమములలో ముందుగా నేవి చూడవలెనో రెండు మూడు దినములలో తేల్చి చెప్పు సలహాదారుని యెవరు కాదందురు?

ఈ విద్య విలువను చక్కగా చూపునది మూర్ఛరోగమునకు వాడు కార్బమజిపిన్ కథ. స్విట్జర్లాండులో గైగీ సంస్థలో 1953లో షిండ్లర్ అను రసాయనజ్ఞుడు దానిని తయారుచేసెను. మూర్ఛలు రాకుండ దినదినము తప్పక పుచ్చుకొనవలసిన మందది. 1980 దశకపు చివర అమెరికాలో కొందరు రోగులకు, మందు మానకుండగనే, మూర్ఛలు తిరిగి వచ్చెను. బిళ్ళలలో మందు పరిమాణము తగ్గలేదు, రసాయనముగా చెడలేదు. అయితే లోపమెక్కడ? అక్కడి యిండ్లలో మందులను స్నానపు గదిలోని అల్మారాలో పెట్టుట వాడుక. ఆ తేమకు నీరులేని కార్బమజిపిన్ స్ఫటికము నీటిని పీల్చి, రెండు నీటి అణువులు గల వేరొక స్ఫటికముగా మారెను. బిళ్ళ రాయివలె గట్టిపడెను. కడుపులో విచ్చక, కరగక, మందు రక్తములోనికి చాలినంత చేరలేదు. తేమ తగిలిన బిళ్ళలు తమ శక్తిలో మూడవ వంతు వరకు కోల్పోవచ్చునని 1990లో ఆహార ఔషధ శాఖ హెచ్చరించెను.

మందు పాళ్ళను లెక్కించు మామూలు రసాయన పరీక్షకు ఈ దోషము చిక్కదు. అణువు మారలేదు గదా! ఉష్ణతులకు చిక్కును. పూర్తిగా మారిన స్ఫటికమును కాచినచో నూటికి 13 పాళ్ళు బరువు తగ్గును. మారని దానికి తగ్గదు. వాట్సన్ యంత్రములో మరియొక వింత గానవచ్చును. వాడుకలోనున్న కార్బమజిపిన్ స్ఫటికము 175 డిగ్రీల చెంత కరగి, వెంటనే వేరొక కట్టుతో పేరుకొని, తిరిగి 190 డిగ్రీల చెంత కరగును. ఇన్స్‌బ్రుక్ దంపతులు సూక్ష్మదర్శినిలో కన్నులార చూచిన తీరే యిది. ఇచ్చట కాగితముపై గీతగా పడినది.

స్ఫటికము మారినందున కలిగిన నష్టమునకు పేరుమోసిన ఉదాహరణము మరియొకటి గలదు. ఎయిడ్స్ వ్యాధికి 1996లో ఆబట్ సంస్థ విడుదలచేసిన రిటోనవిర్ గొట్టపుమాత్రలలో, 1998లో అంతవరకు ఎవరును చూడని క్రొత్త స్ఫటికము తలయెత్తెను. అది మునుపటి దాని కంటె చాల తక్కువగా కరగునది. మాత్రల సరఫరా నిలిచిపోయి, రోగులు కొంతకాలము చేదైన ద్రవమును త్రాగవలసివచ్చెను. తరువాత, 2010 నాటికి, ఆ మందును ప్లాస్టిక్ జాతి పదార్థముతో కలిపి కరగించి, స్ఫటికము కట్టకముందే చల్లార్చి, గాజువంటి స్థితిలో బిళ్ళగా చేయగలిగిరి. గాజుస్థితి యనగా ఏమో తిరునాళ్ళలో పిల్లలకు తెలియును. పీచుమిఠాయి గాజుస్థితిలోనున్న చక్కెరయే. అప్పుడే తీసినది పెళుసుగా, తేలికగా నుండును. తేమ గాలి తగిలినంతనే క్రుంగి జిగురగును. తేమ చేరిన కొలది గాజు మెత్తబడు ఉష్ణోగ్రత దిగివచ్చి, గది వేడిమికి సమీపించుటయే కారణము. బిళ్ళలో ఆ మెత్తబడు తావు గది వేడిమికి ఎంత ఎత్తున నున్నదో కొలిచి కాపాడుట నేటి ఉష్ణవిశ్లేషకుల ముఖ్యకార్యములలో నొకటి.

కడపటి సంగతి. వేడిచేసి చూచుటలోని మోసమును తప్పించుకొనుటకు, అసలు వేడి చేయకయే చూడరాదా యను ఆలోచన స్వీడను దేశమున ఫలించెను. లుండ్ విశ్వవిద్యాలయమున సూర్‌కూస్క్, వాడ్సో అనువారు 1982లో మిక్కిలి సూక్ష్మమైన ఉష్ణమాపకమును వర్ణించిరి. మందు చెడునపుడు, అది యెంత నెమ్మదిగా చెడినను, కొంత వేడి పుట్టును లేక ఇంకును. ఆ వేడి వాట్టులో పదిలక్షల వంతు మాత్రమే యైనను ఈ మాపకము పట్టుకొనగలదు. బిళ్ళను కాల్చనక్కరలేదు, కరగింపనక్కరలేదు. గది వేడిమిలోనే కదలకుండ నుంచి, దాని యూపిరిని ఆలకించినట్లు ఆలకించుటయే. 1980 దశకపు చివర స్వీడను ఔషధశాస్త్రజ్ఞులు దీనితో ఆస్పిరిన్ తేమకు విడిపోవుటను గమనించిరి. ఈ మాపకమునకు ఒక లోపము కలదు. పుట్టిన వేడి మందుదా, పిండిదా, తేమ యింకుటవలన వచ్చినదా అని అది విడదీసి చెప్పలేదు. అందరి మాటలు కలగలిసిన సందడిగా వినిపించును. ఆ సందడిలో ఒక గొంతును గుర్తించుటకు మరల త్రాసును, సూక్ష్మదర్శినిని, రసాయన పరీక్షను ఆశ్రయింపవలసినదే.

ఇన్ని యంత్రము లుండియు, క్రొత్త మందుకు తొలుత ఇచ్చు గడువు అంచనాయే. మందుల శాలవారు తయారైన సరుకు నుండి కొన్ని పట్టీలను, అంగడికి పోవు అదే కట్టుతో, వేడియు తేమయు అదుపులో నుంచిన గదిలో భద్రపరతురు. ఉక్క యెక్కువగల దేశములకు పంపు మందులకు ఆ గది 30 డిగ్రీలలో, నూటికి 75 పాళ్ళ తేమలో నుండును. మొదటి యేట మూడు మాసముల కొకసారి, పిమ్మట ఆరు మాసముల కొకసారి, అటుపై నేటి కొకసారి వానిని తీసి పరీక్షింతురు. మన యింటి పెట్టెలోని పట్టీతోపాటు పుట్టిన ఆ పట్టీలు, దానిపై అచ్చువేసిన నెల వచ్చువరకు, ఆ గదిలోనే యుండును.